సిమెంటు గీతలు నిలబడ్డాయి, రాయి కరిగిపోతోంది

ప్రశ్న: మాది రెండు వందల ఏళ్ల నాటి ఇసుకరాతి భవనం. పదేళ్ల కిందట రాళ్ల మధ్య సందుల్లో సిమెంటు పెట్టించాం. ఇప్పుడు ఆ సిమెంటు గీతలు బయటికి పొడుచుకొచ్చి, మధ్యలో రాయి గుంటలు పడింది. కింది భాగంలో తెల్లటి పొడి రాలుతోంది. ఒకచోట నిలువు పగులు కూడా ఉంది. శుభ్రం చేసి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేస్తే చాలని ఒకరు, ముందు పరీక్షలు చేయించాలని ఇంకొకరు అంటున్నారు. పరీక్షలంటే గోడ పగలగొట్టాలా?

జవాబు: ముందు ఆ కోటింగ్ ఆలోచన ఆపండి. లోపల నెమ్ము ఉన్న గోడను పైన మూసేస్తే ఉప్పు (మీరన్న తెల్లటి పొడి బహుశా అదే) కోటింగ్ వెనకే పేరుకుని, కొన్నాళ్లకు రాతి పెచ్చులతో సహా ఊడి వస్తుంది.

రాయి గుంటలు పడింది, సిమెంటు నిలబడింది అన్నారు చూడండి, అసలు సంగతి సగం అక్కడే ఉంది. పాత సున్నం మెత్తన, గోడలో చెమ్మ ఆ సందుల గుండానే ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసరికి నీరు రాయిలోంచి ఆరడం మొదలుపెట్టింది, పోతూ పోతూ ఉప్పును రాతి రంధ్రాల్లో వదిలేస్తోంది. ఉదాహరణకు సోడియం సల్ఫేట్ పది నీటి అణువులను కలుపుకుని స్ఫటికమైతే దాని పరిమాణం దాదాపు నాలుగు రెట్లవుతుంది. తడిసి ఆరిన ప్రతిసారీ ఆ ఒత్తిడికి రాయి పొడి అవుతూనే ఉంటుంది. అయితే మీ గోడలో ఉన్నది ఏ ఉప్పో, నీరు ఎక్కణ్నుంచి వస్తోందో చూసి చెప్పలేం, పరీక్షించాల్సిందే.

గోడ పగలగొట్టనక్కర్లేదు. ముందుగా ప్రతి రాయి పరిస్థితినీ బొమ్మ మీద గుర్తిస్తారు. ఒకే గోడను ఒకరు పెచ్చు అని, ఇంకొకరు పొర అని రాస్తే గందరగోళమే కాబట్టి పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇకొమాస్ 2008లో రాతి నష్టాలకు బొమ్మలతో పదకోశం తెచ్చింది, దాన్నే వాడమనండి. తర్వాత సన్నటి రంధ్రం వేసి వేర్వేరు లోతుల్లో వచ్చిన పొడిని తూచి, ఎండబెట్టి మళ్లీ తూస్తారు. తడి ఎంతో తేలుతుంది, అదే పొడిలో ఉప్పు రకమూ తెలుస్తుంది. గోడకు ఆనించి తడి కొలిచే చిన్న మీటర్ అంకెను మాత్రం నమ్మకండి, ఉప్పుంటే కరెంటు బాగా పారి లేని తడిని కూడా చూపిస్తుంది. ఇక కార్‌స్టెన్ గొట్టం అని ఒకటుంది, గీతలున్న గాజు గొట్టాన్ని పుట్టీతో రాతికి అంటించి నీళ్లు పోస్తారు, మట్టం ఎంత త్వరగా దిగితే రాయి అంతగా పీలుస్తున్నట్టు. చూస్తూ నిలబడితే భలే తెలుస్తుంది.

పగులు సంగతి వేరు. మందపాటి పాత గోడల్లో చాలావాటికి బయట రెండు వైపులా చెక్కిన రాళ్లు, మధ్యలో రాతి ముక్కలూ సున్నమూ నింపి ఉంటాయి. సుత్తితో తట్టి ధ్వని వేగం కొలిస్తే లోపలి బోలు బయటపడుతుంది, అనుమానం ఉన్నచోట సందులోంచి ఎండోస్కోప్, అంటే సన్నటి కెమెరా గొట్టం పంపొచ్చు. ఇటలీలోని పావియాలో 1989 మార్చి 17న పాత గంటస్తంభం కూలి నలుగురు చనిపోయారు, ఏళ్ల తరబడి మోసిన బరువుకే లోపల కట్టుబడి నలిగిపోయిందని తర్వాతి పరీక్షల్లో తేలింది. అందుకే పగులుకు దాని వెడల్పు చూపే గేజ్ పెట్టించి ఏడాది పాటు కొలవండి, ఎండాకాలం చలికాలం తేడాకు ఎలాగూ కాస్త కదులుతుంది, ఆ కదలిక పోగా మిగిలిందే చూడాలి. ఒకవేళ అది ఈలోపే వెడల్పవుతుంటే ఏడాది ఆగొద్దు, ఇంజనీరును పిలిచి ఊతం పెట్టించండి.

అన్ని పరీక్షలూ ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. వాన పడుతున్నప్పుడే ఒకసారి గోడ చుట్టూ తిరిగి, చూరు గొట్టం నీళ్లు ఎక్కడ పడుతున్నాయో ఫొటోలు తీయండి. వచ్చే నిపుణుడికి మొదట చూపించాల్సింది అవే.