అప్పుతో పేదరికం పోతుందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (డాలస్ నుంచి ఒక పాఠకురాలు): చాలా ఏళ్ళుగా కీవా అనే వెబ్‌సైటు ద్వారా ఆఫ్రికా, ఆసియా దేశాల్లో చిన్న వ్యాపారాలు చేసుకునే మహిళలకు ఇరవై ఐదేసి డాలర్ల చొప్పున అప్పులిస్తున్నాను. తిరిగొచ్చిన డబ్బును మళ్ళీ మరొకరికి ఇస్తాను. దానమైతే ఒక్కసారితో అయిపోతుంది, అప్పయితే పది చేతులు తిరుగుతుందన్నది నా ఆలోచన. మా అమ్మాయి మాత్రం ఆ డబ్బును దోమతెరలు పంచేవారికో, పేదలకు నేరుగా నగదు ఇచ్చేవారికో విరాళంగా ఇచ్చెయ్యమంటోంది. ఎవరి మాట సబబు?

జవాబు: నేను మీ అమ్మాయి వైపే మొగ్గుతాను. మీరు ఇచ్చిన డబ్బు వృథా అయిందని నా ఉద్దేశం కాదు. అప్పు వల్ల జరిగే మేలు మనం అనుకునే దానికంటే చిన్నది, అదీ కొందరికే.

ముందుగా మీ డబ్బు ఏ దారిన వెళుతుందో చూద్దాం. 2005లో మొదలైన కీవా మీకు వడ్డీ ఇవ్వదు. మీ సొమ్మును చాలావరకు ఆయా దేశాల్లో పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే సూక్ష్మ రుణ (మైక్రో ఫైనాన్స్) సంస్థలకు చేరుస్తుంది. ఊరూరా తిరిగి చిన్న చిన్న కిస్తీలు వసూలు చేయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, ఆ సంస్థలు అప్పు తీసుకున్న మహిళ దగ్గర వడ్డీ తీసుకుంటాయి. మీరు ఫొటో చూసి ఒక మహిళను ఎంచుకునేసరికే చాలా సందర్భాల్లో ఆమెకు అప్పు అంది ఉంటుందని, మీ సొమ్ము ఆ సంస్థ ఖాతాను భర్తీ చేస్తుందని 2009లో డేవిడ్ రూడ్‌మన్ అనే పరిశోధకుడు రాసిన తర్వాత, కీవా తన పని తీరును మరింత స్పష్టంగా వివరించడం మొదలుపెట్టింది. ఇందులో మోసమేమీ లేదు కానీ, ఆ ఫొటోలోని మనిషికీ మీకూ మధ్య ఉందనిపించే బంధం మాత్రం కొంతవరకు మన ఊహే.

సూక్ష్మ రుణం మీద ప్రపంచానికి ఇంత ఆశ కలిగించిన కథ మీకు తెలిసే ఉంటుంది. 1976లో చిట్టగాంగ్ విశ్వవిద్యాలయం పక్కనున్న జోబ్రా గ్రామంలో, వెదురు పీటలు అల్లుకునేవారితో సహా 42 మంది బాకీ అంతా కలిపితే 27 డాలర్లేనని తెలుసుకున్న ఆర్థిక శాస్త్ర ఆచార్యుడు ముహమ్మద్ యూనస్ ఆ మొత్తాన్ని తన జేబులోంచే ఇచ్చారు. ఆ ప్రయత్నమే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో ఆయనకూ ఆ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కథ నిజమే. పేదవాళ్ళకు కొరతగా ఉన్నది పెట్టుబడి ఒక్కటేననీ, అది చేతికందితే ఎవరైనా వ్యాపారంలో నిలదొక్కుకుంటారనీ దాని నుంచి లాగిన తీర్మానమే అతిగా సాగింది.

ఆ తీర్మానాన్ని గట్టిగా పరీక్షించిన చోటు మన హైదరాబాదే. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు నగరంలోని 104 పేద బస్తీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంపికైన 52 బస్తీల్లో స్పందన అనే మైక్రో ఫైనాన్స్ సంస్థ 2005 తర్వాత శాఖలు తెరిచేలా చూసి, మిగతా బస్తీలతో పోల్చారు. ఏడాది పైన కొన్ని నెలలు గడిచాక చూస్తే, అప్పు దొరికే బస్తీల్లో కూడా మైక్రో ఫైనాన్స్ అప్పు తీసుకున్న కుటుంబాలు అర్హులలో దాదాపు నాలుగో వంతే. కుటుంబాల సగటు ఖర్చు పెరగలేదు. పిల్లల చదువులోనూ, ఆరోగ్యంలోనూ, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లడంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెరిగింది మన్నికైన వస్తువుల మీద ఖర్చు. దానికి తగ్గట్టు టీ, పాన్, పొగాకు, చిరుతిళ్ళ వంటి వాటి మీద ఖర్చు తగ్గింది. అంటే, విడిగా ఎప్పటికీ కూడబెట్టలేని మొత్తాన్ని ముందుగా చేత పట్టుకుని, దాని కిస్తీ కోసం రోజువారీ ఖర్చులు బిగించుకున్నారన్నమాట. ఇది మేలు కాదని నేను అనను. కానీ పేదరికం నుంచి బయటపడటమంటే ఇది కాదు. అదే నగరంలో కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూసినప్పుడు, అప్పు దొరకక ముందే ఏదో ఒక వ్యాపారం నడుపుతున్నవారికి మాత్రం లాభం నిలిచింది. బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోలలో జరిగిన ఇటువంటి పరీక్షలూ దాదాపు ఇదే చెప్పాయి.

ఇక విరాళం సంగతి. 2023లో ప్రపంచంలో మలేరియాతో మరణించినవారు దాదాపు ఆరు లక్షల మంది. వారిలో నూటికి తొంభై ఐదు మంది ఆఫ్రికాలోనే, అందులోనూ ఎక్కువమంది అయిదేళ్ళలోపు పిల్లలు. మందు పూసిన దోమతెర ఖరీదు కొద్ది డాలర్లే. అయినా కెన్యాలో గర్భిణులకు ఆ తెరలను ఉచితంగా ఇచ్చినప్పటితో పోలిస్తే, అరవై సెంట్ల నామమాత్రపు ధర పెట్టగానే తీసుకునేవారి సంఖ్య అరవై శాతం పాయింట్లు పడిపోయిందని ఒక పరీక్షలో తేలింది. అరవై సెంట్లకే కొనని వస్తువును అప్పు చేసి ఎవరు కొంటారు? ఇటువంటి చోట దానం చేసే పని అప్పు చేయలేదు.

నగదు విషయానికొస్తే, పశ్చిమ కెన్యాలోని 653 గ్రామాల్లో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ పదివేలకు పైగా కుటుంబాలకు సుమారు వెయ్యి డాలర్ల చొప్పున, తిరిగి కట్టనక్కరలేకుండా ఇచ్చింది. తీసుకున్న ఇళ్ళే కాక, ఏమీ అందని ఇరుగుపొరుగు ఇళ్ళు కూడా ఆ సొమ్ము ఊళ్ళో ఖర్చయినందువల్ల బాగుపడ్డాయి. ధరలు పెరుగుతాయన్న భయం ఉండేది కానీ, పెరుగుదల సగటున నూటికి పది పైసల పాటిదే.

మూడో దారి ఒకటుంది. అప్పుకు కూడా నోచుకోని నిరుపేద కుటుంబానికి ఒక పశువునో మేకలనో ఉచితంగా ఇచ్చి, కొన్ని నెలలు తిండి ఖర్చుకు కొంత డబ్బు, పెంపకంలో శిక్షణ, పొదుపు అలవాటు కూడా జత చేయడం. 2002లో బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన ఈ పద్ధతిని పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాదులో బంధన్ అనే సంస్థ అమలు చేస్తే, పదేళ్ళ తర్వాత కూడా ఆ కుటుంబాలు మెరుగ్గానే ఉన్నాయి. అదే పద్ధతిని మన మెదక్ జిల్లాలో అమలు చేస్తే నికరంగా ఏ మార్పూ కనబడలేదు. అప్పటికి అక్కడ కూలి రేట్లు పెరుగుతున్నాయి, పశువుల మీద వచ్చిన ఆదాయం ఎంతో, కూలికి వెళ్ళక పోగొట్టుకున్నదీ అంత. పథకం అదే అయినా ఊరు మారితే ఫలితం మారుతుంది కాబట్టి, విరాళమిచ్చే ముందు ఆ సంస్థ తన పని ఫలితాన్ని బయటివారి చేత కొలిపించుకుందా లేదా అని మీ అమ్మాయి తప్పక చూడాలి. కీవాలో తిరుగుతున్న మీ సొమ్మును ఒక్కసారిగా లాగనక్కరలేదు. కిస్తీలు వచ్చినకొద్దీ ఇటు మళ్ళించండి.

ప్రశ్న (వరంగల్ జిల్లా నుంచి ఒక పొదుపు సంఘం లీడర్): మా సంఘంలో బ్యాంకు అప్పు ఉండగానే నలుగురు సభ్యులు ఒక మైక్రో ఫైనాన్స్ కంపెనీ దగ్గర కూడా తీసుకున్నారు. వడ్డీ పన్నెండు శాతమేనని ఏజెంటు చెప్పాడు. ఇప్పుడు ఒకామె కట్టలేకపోతే సంఘమంతా కట్టాలంటున్నారు. ఇలాంటి కంపెనీల మీద 2010లో చట్టం వచ్చింది కదా, అది వర్తించదా?

జవాబు: ముందు ఆ పన్నెండు శాతం లెక్క చూడండి. పదివేల అప్పుకు ఫ్లాట్ పన్నెండు శాతమంటే వడ్డీ పన్నెండు వందలు. మొత్తం పదకొండు వేల రెండు వందలను యాభై వారాల్లో కట్టాలంటే వారానికి 224 రూపాయలు. ఇరవై ఐదో వారం వచ్చేసరికి అసలులో సగం కట్టేసి ఉంటారు, మీ దగ్గర మిగిలింది అయిదు వేలే. అయినా వడ్డీ మాత్రం చివరిదాకా పదివేల మీదే లెక్కించారు. ఉన్న బాకీ మీద మాత్రమే లెక్క కడితే అసలు రేటు ఏడాదికి సుమారు 24 శాతం, అంటే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ప్రాసెసింగ్ రుసుము, బీమా పేరుతో ముందే కోసుకుంటే ఇంకా పెరుగుతుంది. ఊళ్ళో మూడు రూపాయలకూ అయిదు రూపాయలకూ తెచ్చుకునేవారికి ఇది చవకే. పావలా వడ్డీ చూసిన మీ సంఘానికి కాదు.

2010 నాటి చట్టం ఎందుకు వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం, బ్యాంకులు ఏళ్ళ తరబడి కష్టపడి కూడగట్టిన సంఘాల్లోని మహిళలకే కంపెనీలు పోటీపడి అప్పులిచ్చాయి, ఒకరి కిస్తీ కోసం మరొకరి దగ్గర అప్పు చేసే పరిస్థితి తెచ్చాయి. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని శాఖలను మూయించినా పాఠం వంటబట్టలేదు. 2010 వేసవిలో ఎస్కేఎస్ అనే మైక్రో ఫైనాన్స్ కంపెనీ షేర్లు మార్కెట్‌కు వెళ్ళి పదింతలకు పైగా గిరాకీ సంపాదించాయి. కొద్ది నెలల్లోనే ఆత్మహత్యల వార్తలు రాగా, అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు (తర్వాత చట్టమైంది ఇదే) తెచ్చి వారపు వసూళ్ళను ఆపించింది. మన రాష్ట్రంలో అప్పుల చెల్లింపు దాదాపు నిలిచిపోయింది. దాని దెబ్బకు ఆ కంపెనీలు ఇతర రాష్ట్రాల్లో కూడా అప్పులు తగ్గించగా, అక్కడి కూలి రేట్లు సైతం పడిపోయాయని తర్వాతి పరిశోధన చూపింది. కాబట్టి అప్పు పేదలకు పనికిరాదని నేను అనను. దాన్ని సేవ పేరుతో కాక వ్యాపారంగానే గుర్తించి అదుపులో పెట్టాలంటాను.

ఇప్పుడు ఆ అదుపు రిజర్వు బ్యాంకు చేతిలో ఉంది. దాని పర్యవేక్షణలోని, బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు, అంటే ఎన్‌బీఎఫ్‌సీలకు 2010 నాటి చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇవ్వాలి. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ రేటు చూపే ఫ్యాక్ట్‌షీట్ ఇవ్వాలి. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటాక వసూలుకు రాకూడదు, బంధువులను వేధించకూడదు. ఆ నలుగురినీ ముందుగా ఫ్యాక్ట్‌షీట్ అడగమనండి. కంపెనీ కాగితాల మీద సంతకం పెట్టినవారికి తప్ప మిగతా సభ్యులకు ఆ పూచీతో సంబంధం లేదు. సంఘం పొదుపులోంచి ఒక్క రూపాయి కూడా దానికి తీయకండి. ఒత్తిడి చేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో పరిష్కారం రాకపోతే ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు): అమెరికా పౌరసత్వం తీసుకున్న మా అబ్బాయి మా మండలంలోని ఒక అనాథాశ్రమానికి ఏటా డబ్బు పంపాలనుకుంటున్నాడు. అడ్డంకులు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. పుట్టింది కరీంనగర్లోనే అయినా, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, చట్టం దృష్టిలో ఆయన విదేశీ దాతే. ఆశ్రమానికి 2010 నాటి విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషనో, కేంద్ర హోం శాఖ ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థ పేరిట ఉన్న ప్రత్యేక ఖాతాకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ద్వారా చిన్న ఆశ్రమానికి మళ్ళించే వీలును కూడా అదే సవరణ తీసేసింది. మీ ఖాతాకు పంపితే మీరు ఆశ్రమానికి ఇవ్వవచ్చు కదా అనిపిస్తుంది కానీ, విదేశీ దాత నుంచి అందుకున్నవారు తిరిగి ఇచ్చినా అది విదేశీ విరాళమే అవుతుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే మాత్రం ఈ చట్టం అడ్డురాదు. రిజిస్ట్రేషన్‌కు అయిదేళ్ళ గడువుంటుంది కాబట్టి, డబ్బు పంపే ముందు ఆశ్రమం వారిని నంబరుతో పాటు గడువు తేదీ కూడా చూపమనండి.