ఆ పొగ ఏమిటని అడిగావా?

అమ్మా,

ఆశీస్సులు.

నువ్వు పంపిన నలభై పేజీలు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క బిగిన, రెండోసారి పెన్సిలు పట్టుకుని. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో రైలెక్కి, ఎంబేయాలో దిగి, సరిహద్దులోని సోంగ్వే నది వంతెన దాటి మలావీలో అడుగుపెట్టి, కరోంగా నుంచి మలావీ సరస్సు పక్కనే దక్షిణానికి కేప్ మాక్లియర్ దాకా వీపున సంచితో ఒంటరిగా వెళ్లి వచ్చావు. నేల మీద నుంచి వెళ్లిన వాళ్లకు మాత్రమే దొరికే పుస్తకం ఒకటి ఈ పేజీల్లో దాగి ఉంది. అది బయటికి రావాలని నాకు చాలా కోరికగా ఉంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇరవై ఏడో పేజీ తీసి దగ్గర పెట్టుకో. న్‌ఖాటా బే దగ్గర కొండ మీద కూర్చుని ఇలా రాశావు: "దూరంగా సరస్సు నడుమ నల్లని పొగ నిటారుగా లేచింది. ఏ పల్లె తగలబడుతోందో, ఎవరి కన్నీళ్లు ఆవిరవుతున్నాయో." వాక్యం బాగుంది. కానీ సరస్సు నడుమ పల్లె ఎక్కడిది తల్లీ? నువ్వు చూసింది పొగ కాదు. అక్కడి వాళ్లు దాన్ని కుంగు అంటారు. నీళ్లలో పెరిగిన పురుగులు రెక్కలు రాగానే కోట్లకు కోట్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి. దూరం నుంచి అచ్చం పొగ స్తంభంలాగే కనిపిస్తాయి. గాలి వాటిని ఒడ్డుకు తోసినప్పుడు జనం గిన్నెలూ బుట్టలూ ఊపి పట్టుకుంటారు. నలిపి ముద్దలు చేసి వండుకుంటారు. నువ్వు శోకం రాసిన చోట ఎవరింట్లోనో ఆ రోజు మంచి కూర. పక్కన పడవ కుర్రవాడు కూర్చుని ఉన్నాడని నువ్వే రాశావు. "అదేమిటి?" అని ఒక్క మాట అడిగి ఉంటే నీకొక పేజీ కాదు, ఒక అధ్యాయం దొరికేది.

స్కాట్లాండ్ యాత్రికుడు డేవిడ్ లివింగ్‌స్టన్ 1861లో అదే సరస్సు మీద పడవలో పోతూ అదే పొగ చూశాడు. ఆయనకూ మొదట గడ్డి తగలబడుతున్నట్టే అనిపించింది. కానీ అంతటితో ఆగలేదు. ఆ పురుగుల ముద్ద ఇస్తే తిని, ఉప్పు వేసిన మిడతల రుచిలా ఉందని రాసి పెట్టాడు. నూట అరవై ఏళ్లు దాటినా ఆ మాట నిలబడి ఉంది.

అదే మనిషి మరోచోట తొందరపడ్డాడు. 1859లో సరస్సు దగ్గరికి చేరినప్పుడు దీని పేరేమిటని అడిగితే చుట్టుపక్కల వాళ్లు "న్యాసా" అన్నారు. ఆయన అదే పేరుగా ఎక్కించాడు. వాళ్ల మాటలో న్యాసా అంటే పెద్ద నీరు, సరస్సు అని అర్థం. అంటే లోకమంతా చాలా కాలం ఆ సరస్సును "సరస్సు సరస్సు" అని పిలిచింది. ఇంకొక్క ప్రశ్న అడగకపోవడం వల్ల ఒక దేశానికే న్యాసాలాండ్ అనే పేరు పడి, 1964 జూలైలో స్వాతంత్ర్యం వచ్చి మలావీ అయ్యేదాకా మిగిలింది. ఇంకో సంగతి. మూడో పేజీలో లివింగ్‌స్టన్ సరస్సును "కనుగొన్నాడు" అని రాశావు. ఆ క్రియ కొట్టెయ్యి. ఒడ్డున ఊళ్లున్న నీటిని ఎవరూ కనుగొనరు. "చేరుకున్నాడు" అంటే చాలు.

నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రచయిత అయ్యేవాడు రెండోది కూడా అడగాలి. నీ పేజీల్లో మొదటి ప్రశ్నలు బోలెడు ఉన్నాయి. రెండోవి మూడో నాలుగో ఉన్నాయి.

పేరు సంగతి ఎత్తాను కాబట్టి చెబుతున్నాను. ఆ నీటికి ఇప్పటికీ ఒకటే పేరు లేదు. టాంజానియాలో న్యాసా, మొజాంబిక్‌లో నియాసా, మలావీలో మలావీ. సరిహద్దు నీటి మధ్యలో ఉందని టాంజానియా, 1890 నాటి బ్రిటిష్, జర్మన్ ఒప్పందం ప్రకారం టాంజానియా ఒడ్డు దాకా నీరంతా మాదేనని మలావీ ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. విమానంలో దిగినవాడికి ఒక్క పేరే వినిపిస్తుంది. నువ్వు నేల మీద వెళ్లావు, దారిలో పేరు మారడం నీ చెవులతో విన్నావు. అయినా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మలావీ సరస్సు అనే రాశావు. రైల్లో ఉన్నంతసేపు న్యాసా అని రాయి. సోంగ్వే దాటాక మార్చు. సరిహద్దు గురించి ఒక్క ముక్క విడిగా చెప్పనక్కర్లేకుండా పాఠకుడు సరిహద్దు దాటుతాడు.

"ఆఫ్రికా" అనే మాట ఎన్నిసార్లు వాడావో లెక్కపెట్టాను. అరవై మూడు. ఆఫ్రికా ఆకాశం, ఆఫ్రికా మట్టి వాసన, ఆఫ్రికా చిరునవ్వు. కరోంగా అన్న పేరు మాత్రం రెండుసార్లే. గుంటూరులో భోజనం చేసి "ఆసియా అన్నం తిన్నాను" అని ఎవరైనా రాస్తే మనకెలా ఉంటుంది? ఆ మాట కనిపించిన ప్రతిచోటా ఊరి పేరు వేసి చూడు. వేయలేకపోతే ఆ వాక్యం నువ్వు చూసి రాసింది కాదని అర్థం.

రైలు అధ్యాయం చూసి బాధపడ్డాను, నిజంగా బాధపడ్డాను. కిటికీలోంచి కనిపించిన జిరాఫీలకు రెండు పేజీలు ఇచ్చావు. ఒక పగలూ ఒక రాత్రీ నీతో కలిసి కూర్చున్న ఆడవాళ్లు ముగ్గురికీ కలిపి ఒక్క వాక్యం: "నవ్వుతూ పలకరించారు." ఆ రైలు మార్గం ఎందుకు పుట్టిందో తెలుసా? సముద్రం లేని జాంబియాకు తన రాగిని రేవుకు చేర్చే దారి కావాలి. దక్షిణాన ఉన్న దారి అప్పట్లో తెల్లవాళ్ల ఏలుబడిలో ఉన్న రొడీషియా, అంటే ఇప్పటి జింబాబ్వే, గుండా పోయేది. అందుకని చైనా అప్పుతో, చైనా నుంచి వచ్చిన పనివాళ్లూ అక్కడి పనివాళ్లూ కలిసి 1970 నుంచి 1975 దాకా 1,860 కిలోమీటర్ల పట్టాలు వేశారు. మ్లింబా దాటాక నువ్వు లెక్కపెట్టిన సొరంగాలు వాళ్లు తొలిచినవే. నీ ఎదురు బెర్తు మీద కూర్చున్న పెద్దావిడకు డెబ్భై ఏళ్లుంటాయని రాశావు. అంటే పట్టాలు పడుతున్నప్పుడు ఆమె పడుచుపిల్ల. ఏమేం చూసి ఉంటుంది! ఆవిడకు నువ్వు "హలో" అన్నావు, పక్కవాళ్లు నవ్వారు. ఎందుకు నవ్వారో రాయలేదు. అక్కడి స్వాహిలీ భాషలో చిన్నవాళ్లు పెద్దవాళ్లను "షికమో" అని పలకరిస్తారు, పెద్దవాళ్లు "మరహబా" అని అందుకుంటారు. నమస్కారానికి వయసు తెలిసిన భాష అది. మన ఇళ్లలో పెరిగిన పిల్లకు ఈ మర్యాద ఇట్టే అర్థమవుతుంది. నువ్వు రాస్తే మన పాఠకులకూ అర్థమవుతుంది.

భాష గురించి మరొక్క మాట. డబ్బును వాళ్లు "పెసా" అంటారు, లక్షను "లాకీ" అంటారు, ఆటోను "బజాజీ" అంటారు. ఈ మాటలు విని ఆశ్చర్యపోయినట్టు నీ నోటుబుక్కు ఫొటోలో కనిపించింది. పుస్తకంలోకి మాత్రం రాలేదు. ఎందుకు తీసేశావు? సముద్రం మీద వందల ఏళ్లు సాగిన వర్తకమంతా ఆ మూడు మాటల్లో ఉంది.

ఎంబేయా బస్టాండులో జరిగిన మోసానికి ఐదు పేజీలు ఇచ్చావు. బస్సు తిన్నగా మలావీలోకి వెళ్తుందని టికెట్టు అమ్మారు, సరిహద్దుకు ఇవతలే దించేశారు. కోపం రావడం సహజం. అయినా ఒక్క పేరాకు కుదించు. మోసపోయిన వాళ్లందరి కథా ఒకేలా ఉంటుంది. ఆ నాలుగు పేజీలూ దారికి ఇవ్వు. టుకుయు చుట్టూ తేయాకు తోటలు, అరటి తోపులు దాటి సరస్సు మైదానంలోకి దిగావు. క్యేలా బియ్యం వాసనకు టాంజానియా అంతటా పేరుంది. వరి పొలాల మధ్య పుట్టినదానివి నువ్వు. అక్కడి చేలను చూసి ఏమనిపించిందో ఒక్క ముక్క లేదు.

ఇక నీ పుస్తకంలో అన్నిటికంటే మంచి పేజీ గురించి. సోంగ్వే సరిహద్దు దగ్గర రిజిస్టరులో నీ పేరు రాసుకుంటున్న పెద్దాయన కలం ఆపి, ఇందులో నీ పేరు ఏది అని అడుగుతాడు. చివరిది నా పేరు, మొదటిది ఇంటిపేరు అంటావు. ఆయన ఊరుకోడు. "ఏ ఇల్లు? ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరున్నారు?" అని అడుగుతాడు. నీ వెనక వరసలో పదిమంది నిలబడి ఉండగా, తాతల కాలంలో వదిలేసిన ఒక ఊరి గురించి నువ్వు ఆయనకు చెబుతావు. చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి. ఎందుకంత బాగా వచ్చిందో ఆలోచించావా? అక్కడ రెండో ప్రశ్న ఆయన అడిగాడు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఇది ఇదివరకు ఎవరికీ రాయలేదు. చాలా ఏళ్ల కిందట నేను ఆ సరస్సు మీద ఇలాలాలో ప్రయాణం చేశాను. 1951లో నీళ్లలోకి దిగిన ఓడ అది. లికోమా దీవి దగ్గర అర్ధరాత్రి ఆగింది. ఒడ్డు దాకా వెళ్లదు కాబట్టి చిన్న పడవల్లో మనుషులూ బస్తాలూ వచ్చి నిచ్చెన ఎక్కుతారు. ఒకావిడ ఎండుచేపల బస్తాలు నాలుగు ఎక్కించుకుని డెక్కు మీద నా పక్కనే కూర్చుంది. చిటికెన వేలంత ఉండే ఉసిపా చేపలు. తెల్లవార్లూ ఆవిడ నిద్రపోలేదు. గోనె మూతి కొంచెం విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, అలాగే ఉంచేది. కాసేపటికి ఇంకో బస్తా, మళ్లీ మొదటిది. "పేదరికం తన చివరి ముద్దను చేత్తో పట్టుకుని మేలుకొని ఉంది" అని రాసుకున్నాను. తెల్లవారాక అదే ఓడలో ఉన్న ఒక బడిపంతులుతో కలిసి ఆవిడతో మాట్లాడాను. ఆవిడకు రెండు వలలు, ఒక పడవ ఉన్నాయి. సరుకు న్కోటాకోటాకు తీసుకుపోతోంది. రాత్రి సరస్సు గాలికి ఎండుచేప చెమ్మ పీలుస్తుంది. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, ధర పడిపోతుంది. అందుకే చెయ్యి పెట్టి చూస్తోంది. అది సరుకు తెలిసిన చెయ్యి. అంతా తెలిసింది, అంతా రాసుకున్నాను. ఊరికి వచ్చి వ్యాసం రాసేటప్పుడు మాత్రం పేదరికం వాక్యమే ఉంచాను. అందంగా ఉందని వదులుకోలేకపోయాను. చాలామంది మెచ్చుకున్నారు. ప్రతి మెచ్చుకోలుకూ ఆ చెయ్యి గుర్తొచ్చేది. నీ పొగ వాక్యం చదివినప్పుడూ అదే గుర్తొచ్చింది. నువ్వు తెలియక రాశావు, నేను తెలిసీ రాశాను. ఇంత గట్టిగా చెబుతున్నది అందుకే.

రాత్రి నీళ్లలో "నక్షత్రాలు రాలిపడ్డాయి" అన్నావు. అవి ఉసిపా పట్టే పడవల దీపాలు. వెలుగుకు చేప పైకి వస్తుంది. వెన్నెల కాసే రాత్రుల్లో ఆ వేట సరిగ్గా సాగదు. నక్షత్రాలు అనే మాట ఆ సరస్సు గురించి అందరూ వాడి అరగదీశారు. నువ్వు దీపం దగ్గరికి వెళ్లు. దాని పక్కన ఎవరు మేలుకొని ఉన్నారు? పెద్ద అలలను "తుఫాను" అన్నావు. ఆగస్టులో ఆగ్నేయం నుంచి వీచే ఆ గాలికి అక్కడ మ్వేరా అని పేరుంది. ఆ పేరే వాడు.

కొల్లేరుతో పోల్చిన చోట ఆలోచించుకో. పోలిక తప్పని నేను అనను, మన కంటికి మొదట ఆనేది మన నీరే. కానీ కొల్లేరు మనిషి లోతు నీరు. ఇది 700 మీటర్లకు పైగా లోతున్న నీరు. సుమారు 250 మీటర్ల కింద ఆక్సిజన్ ఉండదు, చేప బతకదు. వందల జాతుల చేపలూ ఆ పై పొరలోనే పుట్టి, అక్కడే పెరుగుతాయి. కొన్ని తల్లిచేపలు గుడ్లను నోట్లో పెట్టుకుని, పిల్లలయ్యేదాకా మేత ముట్టకుండా తిరుగుతాయి. కేప్ మాక్లియర్ దగ్గర రాళ్ల మధ్య ఈదుతూ నువ్వు చూసిన నీలం, పసుపు చేపలు అవే. "రంగురంగుల చేపలు" అని వదిలేశావు. పోలిక పెడితే, ఎక్కడ పొసగదో కూడా రాయి.

ఈత మాట వచ్చింది కాబట్టి, ఇది రచన సంగతి కాదు, శ్రద్ధగా విను. ఆ ఒడ్డున రెల్లు ఉన్న చోట, నత్తలుండే నీళ్లలో బిల్‌హార్జియా అనే జబ్బు తెచ్చే పురుగు ఉంటుంది. చర్మం గుండా లోపలికి వెళ్తుంది. వెంటనే తెలియదు, కొన్ని వారాలు గడిచాక గానీ పరీక్షలో బయటపడదు. డాక్టరు దగ్గరికి వెళ్లి ఏ నీళ్లలో ఎన్ని రోజులు దిగావో దాచకుండా చెప్పు. మందు ఉంది, భయపడక్కర్లేదు. వాయిదా మాత్రం వెయ్యకు.

రైలు అధ్యాయం, న్‌ఖాటా బే అధ్యాయం తిరగరాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం. పడవ కుర్రవాడి ఇంటివాళ్ల ఫోను నంబరు నీ దగ్గర ఉందని రాశావు కదా. ముందు వాళ్లకు ఫోన్ చేసి, ఆ పొగ ఒడ్డుకు వచ్చిందా అని అడుగు. వచ్చిందంటే ఆ రాత్రి ఏం వండారో, ఎలా వండారో కూడా అడుగు.

ఉంటాను.