కొడుకుకు 210, తండ్రికి 1,318

ప్రశ్న: నమస్తే మేడం. మాది దేవరకొండ. మా ఆయన తాపీ మేస్త్రీ, 39 ఏళ్ళు. నేను బ్లౌజులు కుడతాను. బాబుకు మొన్ననే 18 నిండాయి. నల్లగొండలో ఐటీఐ చదువుతూ సెలవుల్లో వైరింగ్ పనికి పోతున్నాడు. పాపకు 8 ఏళ్ళు. మా మామకు ఆసరా పింఛను 2,016 రూపాయలే దిక్కు. పిల్లలకు ఆ తిప్పలు రావద్దని ఇప్పటినుంచే ఏమన్నా దాపించాలని ఉంది. బాబుకు చెప్తే ‘ముసలోణ్ణయ్యేటప్పటి ముచ్చట ఇప్పుడెందుకమ్మా’ అని నవ్వుతున్నాడు. ఎట్ల మొదలుపెట్టాలె?
– ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, బాబుకు ఇంక చెప్పకండి. ఒక కాగితం ఇచ్చి లెక్క రాయమనండి. అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్ళ వరకు, ఆదాయపు పన్ను కట్టనివాళ్ళు చేరొచ్చు. 60 దాటాక నెలకు 5,000 పింఛను కావాలంటే ఇప్పుడు చేరితే బాబు నెలకు కట్టాల్సింది 210. అదే పింఛనుకు వాళ్ళ నాన్నకు పడేది 1,318. అరవై వచ్చేసరికి బాబు కట్టేది మొత్తం 1,05,840 రూపాయలు, మీ ఆయన కట్టేది 3,32,136. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన తన చేత్తో రాసుకున్నాక నవ్వడు.

ఆ 210 మాత్రం మీరు కట్టకండి. వైరింగ్ కూలిలోంచి వాడే తన ఖాతాలో వేసుకోవాలి. నా ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటర్ దగ్గరే గడిచింది. పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చు కదా, రెండో సంతకం మొదటిదానిలా రావడం లేదని నాలుక కరుచుకుని మళ్ళీ మళ్ళీ రాసేవాళ్ళు. అమ్మానాన్నలు కట్టిపెట్టిన పిల్లల కంటే, తమ డబ్బు తామే తెచ్చి పాస్‌బుక్‌లో ఎక్కించుకున్నవాళ్ళే ఎక్కువ కాలం నిలిచారు. అది నేను కళ్ళారా చూశాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ధరలు ఏటా 5 శాతం పెరిగాయనుకుంటే, 42 ఏళ్ళ తర్వాత ఆ 5,000కు వచ్చే సరుకు ఇప్పుడు 650 రూపాయలకు వచ్చేంతే. కాబట్టి ఇది పునాది మాత్రమే. ఐటీఐ అయి జీతం చేతికొచ్చాక పీపీఎఫ్ అనే దీర్ఘకాల పొదుపు ఖాతా కూడా తెరిపించండి. ఏడాదికి 500 వేసినా ఖాతా నడుస్తుంది. 15 ఏళ్ళు నిండాక ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు. పెళ్ళికో బండికో తీసేయకుండా పొడిగించుకుంటూ పోతేనే వయసు మళ్ళాక అక్కరకొస్తుంది.

పాపకు పదేళ్ళు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, ఏడాదికి కనీసం 250. చదువుకు కొంత తీసుకునే వీలుంది. ఖాతా తెరిచిన 21 ఏళ్ళకు మెచ్యూర్ అవుతుంది. అప్పటికి మిగిలింది ఆమె పింఛను కోసం వేరే పెట్టుకోవచ్చు.

వీటన్నిటికంటే తొందరగా జరగాల్సింది అటల్ పెన్షన్‌లో మీ ఆయన చేరడం. మీ ముసలితనం ఖర్చు బాబు మీద పడితే వాడి 210 ఆగిపోయేది అప్పుడే. 1,318 భారమైతే నెలకు 2,000 పింఛను ఎంచుకోండి, 528తో సరిపోతుంది. ఆయన తర్వాత అదే పింఛను మీకు వస్తుంది. ఆలస్యమైన కొద్దీ కట్టేది ఇంకా పెరుగుతుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని తండ్రీకొడుకులు ఒకే రోజు వెళ్ళి చేరమనండి.