చిన్నా, సర్వర్ పెట్టే ముందు ఇది చదువు

చిరంజీవి చిన్నాకు,

పిన్ని ఆశీస్సులు. దిమ్మెలు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టే ఆ మైన్‌క్రాఫ్ట్ ఆటని నలుగురూ కలిసి ఆడుకునేలా నువ్వు సర్వర్ పెడుతున్నావని, అప్పుడే ముప్పై మంది దాకా పిల్లలు చేరతామన్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చదువు ఎక్కడ వెనకబడుతుందోనని దాని దిగులు దానిది. నాకైతే ముందు గర్వంగా అనిపించింది, ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. ఇన్నేళ్లుగా డేటా సెంటర్‌లో నైట్ షిఫ్టులు చేస్తున్నదాన్ని కదా, సర్వర్ అనే మాట వింటే అది ఎప్పుడు పడిపోతుందో అన్న ఆలోచనే ముందొస్తుంది.

జావా వేసుకోవడం, యూలా (లైసెన్స్ ఒప్పందం) ఫైల్‌లో ఫాల్స్‌ని ట్రూ చేయడం, బయటివాళ్లు లోపలికొచ్చే 25565 పోర్టు తెరవడం నీకు నేను చెప్పక్కర్లేదు. పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడు, ఆటతో వచ్చే మామూలు జార్ ఫైల్ కంటే తేలిగ్గా నడుస్తుంది. వ్యూ డిస్టెన్స్, అంటే ఆటలో ఎంత దూరం కనపడాలన్నది, 10 ఉంటుంది, 6కో 7కో తగ్గించు.

ఇంట్లో పాత కంప్యూటర్ మీద మాత్రం పెట్టకు. ఇప్పుడు చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని, అంటే ఒకే ఇంటర్నెట్ అడ్రస్‌ని, ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. అలాంటి కనెక్షన్ అయితే నువ్వు రూటర్‌లో పోర్టు తెరిచినా బయటివాళ్లు నీదాకా రాలేరు. మీ ఇంటికే సొంతంగా, మారకుండా ఉండే స్టాటిక్ ఐపీ కొంటే ఆ చిక్కు తీరుతుంది కానీ ఇంకోటి మొదలవుతుంది. మీ ఇంటి ఐపీ ఆడేవాళ్లందరికీ తెలిసిపోతుంది. ఎవడికో కోపమొచ్చి డీడాస్, అంటే ఎక్కడెక్కడి నుంచో ఒకేసారి దొంగ ట్రాఫిక్ కుమ్మరించే దాడి, చేయిస్తే సర్వర్‌తో పాటు ఇంట్లో నెట్ మొత్తం పోతుంది. మీ నాన్న ఆఫీసు పనంతా ఆ నెట్ మీదే కదా!

పిల్లల ఆటలో అంత పగలేముంటాయి అనుకోకు. 2016లో ప్రపంచాన్ని వణికించిన మిరాయ్ బాట్‌నెట్‌ని, అంటే యజమానులకి తెలియకుండా లొంగదీసుకున్న పరికరాల దండుని, తయారుచేసింది అమెరికాలో ముగ్గురు కుర్రాళ్లు. మైన్‌క్రాఫ్ట్ సర్వర్లని పడగొట్టడం, దాడుల నుంచి కాపాడతామంటూ డబ్బు చేసుకోవడం, వీటి చుట్టూ పుట్టిన వ్యవహారమది. ఆ కోడ్ బయటికొచ్చాక అక్టోబరులో వెబ్‌సైట్లకి దారి చూపించే డైన్ అనే కంపెనీ మీద జరిగిన దాడికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ కూడా చాలామందికి తెరుచుకోలేదు.

కాబట్టి డీడాస్ రక్షణ ఉన్న చోట, ముంబైలో ఒక వీపీఎస్ (డేటా సెంటర్‌లో ఉండే అద్దె సర్వర్) తీసుకో. యూరప్‌లో చవకగా వస్తుంది కానీ పింగ్, అంటే నొక్కింది సర్వర్‌కి చేరి తిరిగొచ్చే సమయం, వంద మిల్లీసెకన్లు దాటిపోతుంది, కత్తి దూసేలోపే చచ్చిపోతున్నామని పిల్లలు నిన్ను తిడతారు. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు ఇస్తున్నారన్నది కాదు, ఒక్కో కోర్ ఎంత వేగమో చూడు. ఈ ఆట సెకనుకు 20 టిక్కులు, అంటే 20 చిన్న అడుగులు, నడవాలి, అంటే ఒక్కో టిక్కు పని 50 మిల్లీసెకన్లలో అయిపోవాలి. ఆ పనిలో ముఖ్యమైన భాగమంతా ఒక్క కోర్ మీదే పడుతుంది.

నేను ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నదే బ్యాకప్ గురించి చెప్పడానికి. 2020 లాక్‌డౌన్‌లో మీ బాబాయి మా అపార్ట్‌మెంట్ పిల్లల కోసం ఇలాంటి సర్వరే పెట్టారు. బళ్లు లేవు, కిందికి వెళ్లనివ్వరు, సాయంత్రమైతే పిల్లలంతా అందులోనే ఉండేవారు. మూడో అంతస్తులో ఒక పాప ఉండేది, తొమ్మిదేళ్లుంటాయేమో. ఆ ఏడాది తణుకు దగ్గర అమ్మమ్మగారి ఊరు వెళ్లలేకపోయిందని ఆ ఇంటినే ఆటలో కట్టడం మొదలుపెట్టింది. మండువా ఇల్లు. మధ్యలో ఆకాశం కనపడేలా వదిలి, చుట్టూ వసారా, పెరట్లో బావి, బావి పక్కన చెట్టు. వంటింటి కిటికీ ఎటువైపు, అరుగు మీద స్తంభాలు ఎన్ని అని రోజూ అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగేది. నెలలు పట్టింది దానికి.

మీ బాబాయి బ్యాకప్ పెట్టలేదని కాదు. రోజూ రాత్రి మూడింటికి ఆటలో కట్టినవన్నీ ఉండే వరల్డ్ ఫోల్డర్‌ని జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టే స్క్రిప్ట్ రాశారు. అది ఒక్కరోజు కూడా మానలేదు. అక్టోబరులో ఓ రాత్రి కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. దాంతో హార్డ్ డిస్క్ చచ్చిపోయింది. ఏం ఫర్వాలేదంటూ ఆయన పెన్‌డ్రైవ్ తీసి లాప్‌టాప్‌కి పెట్టారు. తేదీల వారీగా ఫైళ్లన్నీ వరసగా ఉన్నాయి. నిన్నటి ఫైలు సైజు 0 కేబీ. మొన్నటిది 0 కేబీ. అలా పైకి జరుపుతూ పోతే సెప్టెంబరంతా సున్నాలు, ఆగస్టంతా సున్నాలే. పెన్‌డ్రైవ్ ఎప్పుడో నిండిపోయింది. స్క్రిప్ట్ మాత్రం రోజూ ఖాళీ ఫైలు ఒకటి పుట్టించి పని అయిపోయిందనుకుంది. అంతకు ముందువి కూడా కొన్ని తెరుచుకోలేదు, ఆట నడుస్తుండగా కాపీ చేసినవి కదా. చివరికి తెరుచుకున్నది ఆ పాప ఇల్లు మొదలుపెట్టక ముందుది.

మర్నాడు ఆ పిల్ల లాగిన్ అయి, ఇల్లుండాల్సిన చోట ఉత్త గడ్డి చూసి, "అంకుల్, మా అమ్మమ్మ ఇల్లు ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. మీ బాబాయి ఏమీ చెప్పలేకపోయారు. ఇప్పటికీ ఆ సర్వర్ మాటెత్తితే లేచి వెళ్లిపోతారు.

అందుకే గట్టిగా చెబుతున్నాను, విను. కాపీ చేసే ముందే, ఆట తనంతట తాను రాసుకోకుండా సేవ్-ఆఫ్, వెంటనే అప్పటిదాకా ఉన్నదంతా భద్రం చేసేలా సేవ్-ఆల్ కమాండ్లు ఇవ్వు, కాపీ అయ్యాక సేవ్-ఆన్ ఇవ్వు. ఆ కాపీ సర్వర్ ఉన్న కంపెనీ దగ్గర కాదు, వేరేచోట ఉండాలి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడితే రస్ట్ ఆటకి సంబంధించిన 25 యూరప్ సర్వర్ల డేటా మళ్లీ రాలేదు. ఫైలు సైజు ఉన్నట్టుండి తగ్గితే నీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టుకో. నెలకోసారి ఆ బ్యాకప్‌ని లాప్‌టాప్‌లో తెరిచి, లోపల నడిచి చూడు. బద్ధకించావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. గేమ్ కొనని ఫ్రెండ్స్ ఆన్‌లైన్ మోడ్, అంటే లోపలికొచ్చేవాడు నిజంగా ఆ ఖాతావాడేనా అని చూసే తనిఖీ, తీసేయమని బతిమాలతారు. కుదరదని చెప్పు. అది తీసేస్తే ఎవడైనా నీ పేరు టైప్ చేసి అడ్మిన్‌గా లోపలికొచ్చేయగలడు. వైట్‌లిస్ట్ పెట్టు, నువ్వు పేరు రాసుకున్నవాళ్లే లోపలికి రాగలిగేలా. అప్‌డేట్లు వాయిదా వేయకు. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు లాగ్‌లు రాయడానికి వాడే లాగ్4జేలో లోపం బయటపడినప్పుడు ఈ ఆట చాట్‌లో ఒక్క లైను టైప్ చేసి సర్వర్‌ని స్వాధీనం చేసుకోగలిగేవారు. ఆ శని, ఆదివారాలు నేను ఆఫీసు లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు.

చాట్ ఎవరూ చూడకుండా వదిలేయకు నాన్నా. పదేళ్ల పిల్లలు వస్తారు, వాళ్లతో మాట కలపాలని పెద్దవాళ్లూ వస్తారు. ఫోన్ నంబరో, ఫొటోనో అడిగినవాడిని మారు మాట్లాడకుండా బ్యాన్ చెయ్. డబ్బు కడితే బలమైన కత్తులిస్తామనే బేరం పెట్టకు, 2014 నుంచి ఈ ఆట తయారుచేసిన మోజాంగ్ కంపెనీ దాన్ని ఒప్పుకోవట్లేదు. పిల్లలు అమ్మ ఫోన్‌లో యూపీఐ నొక్కేస్తారు, తర్వాత ఆ అమ్మలు మీ ఇంటికొస్తారు. ఇక డబ్బు పందేల జోలికి అసలే పోకు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం ఉంది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

మొదటి మూడు నెలల అద్దె నేను కడతాను, మీ నాన్నని అడగకు. సెమిస్టర్ పరీక్షలు అయ్యాకే మొదలుపెడతానని మీ అమ్మకి మాటివ్వు. మొదటి బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి స్క్రీన్‌షాట్ నాకు పంపించు. అది చూసి నేను సరేనన్నాకే పిల్లలకి సర్వర్ అడ్రస్ ఇవ్వు.

ఇట్లు,
పిన్ని