పొలాలు శివారు కాలనీలుగా మారిన తీరును పాత టోపోషీట్లు ఎలా చూపుతాయి?

టోపోషీటు అంటే ఒక ప్రాంతపు ఎత్తుపల్లాలను, ఊళ్లను, రోడ్లను, నీటిని గుర్తులతో చూపే సర్వే పటం. ఏ ఒక్క టోపోషీటూ ఈ మార్పును చూపదు. ఒకే ప్రాంతాన్ని వేర్వేరు కాలాల్లో సర్వే చేసి గీసిన షీట్లను పక్కపక్కన పెట్టి, గుర్తులను పోల్చినప్పుడే అది బయటపడుతుంది. సర్వే ఆఫ్ ఇండియా రంగుల షీట్లలో సాగునేల పసుపుగా, నీరు నీలంగా, ఇళ్లూ పక్కా రోడ్లూ ఎరుపుగా ఉంటాయి కనుక, నగరం విస్తరించేకొద్దీ పసుపు మీదికి ఎరుపు పాకుతుంది, బండిబాట గీత రోడ్డు గుర్తుగా మారుతుంది, చెరువు నీలం చెరిగిపోతుంది.

చెన్నైలో తెలుగువారందరూ ఎరిగిన టి.నగర్ (త్యాగరాయ నగర్) ఇందుకు మంచి ఉదాహరణ. 19వ శతాబ్దపు మద్రాసు పటాల్లో మౌంట్ రోడ్డుకు పడమరగా లాంగ్ ట్యాంక్ అనే పొడవాటి చెరువు, దాని దాపున మాంబలం గ్రామం కనిపిస్తాయి. 1920లలో ఆ చెరువును ఎండగట్టి, జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టి పేరిట కొత్త కాలనీ కట్టారు. తర్వాతి పటాల్లో అక్కడ వీధులే ఉంటాయి. చెరువు గుర్తు పశ్చిమ మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు పేరులో మిగిలింది.

షీటును అచ్చు వేసిన సంవత్సరమే సర్వే సంవత్సరమని చాలామంది పొరబడతారు. పాత సర్వేనే కొద్దిపాటి సవరణలతో మళ్లీ అచ్చువేయడం మామూలే కాబట్టి, అంచున ఉండే సర్వే సంవత్సరాన్ని తప్పక చూడాలి. లేకపోతే అప్పటికే ఇళ్లతో నిండిన చోటును ఇంకా వరిపొలమనే అనుకుంటాం.