చుట్టల లేబుల్ మీద తాతగారి ఫొటో తీసేయమంటే?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక గ్రామం. లంక పొగాకుతో చుట్టలు చుట్టించి, మా తాతగారి ఫొటో ఉన్న లేబుల్‌తో అమ్ముతాం. లేబుల్‌కి ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్ ఉంది. ఆస్ట్రేలియాలోలా ఇక్కడా పొగాకు సరుకంతా బొమ్మలూ రంగులూ లేకుండా అమ్మాలని చట్టం వస్తే మా గతేంటి? ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళితే అలాంటి చట్టం నిలవదని మా బావగారు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, అమలాపురం దగ్గర

జవాబు: మీ బావగారు చెప్పే కేసు ఇదివరకే నడిచింది, ఓడిపోయింది కూడా. పైగా వేసినవాళ్లలో సిగార్లకు పేరుపడ్డ క్యూబా, హోండూరస్, డొమినికన్ రిపబ్లిక్ ఉన్నాయి. ఒకరకంగా మీ వ్యాపారం వాళ్లే! ఇండోనేషియా కూడా కలిసింది. ఆస్ట్రేలియా 2011లో చేసిన చట్టం 2012 డిసెంబరు నుంచి పూర్తిగా అమలైంది. పెట్టెలన్నిటికీ ఒకే మురికి రంగు, బ్రాండు పేరు మాత్రం ఒకే తరహా అక్షరాల్లో. 2018లో ప్రపంచ వాణిజ్య సంస్థ నియమించిన విచారణ ప్యానెల్, 2020లో దాని అప్పీలు విభాగం ఆస్ట్రేలియా వైపే తేల్చాయి.

ట్రిప్స్ అనేది ఆ సంస్థ దేశాలు మేధోసంపత్తి హక్కుల మీద చేసుకున్న ఒప్పందం. అందులో ట్రేడ్‌మార్కు అంటే మీ మార్కును ఇంకొకరు వాడకుండా ఆపే హక్కు. మీరు దాన్ని వాడుకోవచ్చనే హామీ అందులో లేదు. మార్కు వాడకానికి అకారణంగా ఆటంకాలు పెట్టకూడదని 20వ అధికరణ చెబుతుంది నిజమే, కానీ ప్రజారోగ్యం సరైన కారణమేనని ప్యానెల్ ఒప్పుకుంది. పన్నులు పెంచితే చాలు, కొనే వయసు పెంచితే చాలు అన్న వాదనలూ నిలవలేదు.

అసలు ప్రపంచ వాణిజ్య సంస్థకు మీరూ నేనూ వెళ్లలేం, ప్రభుత్వాలే వెళ్లాలి. మన చట్టం మీద మన ప్రభుత్వమే అక్కడ ఫిర్యాదు చేయదు కదా.

మీకు మిగిలేది హైకోర్టు. మన ట్రేడ్‌మార్కుల చట్టం 28వ సెక్షన్ మార్కు వాడుకునే ప్రత్యేక హక్కు ఇస్తుంది, వ్యాపార స్వేచ్ఛ రాజ్యాంగంలోనే ఉంది. అయితే దానిపై సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని రాజ్యాంగం 19(6) అధికరణ చెబుతుంది. పార్లమెంటు నేరుగా చట్టం చేస్తే కొట్టేయించడం కష్టమనే నా అభిప్రాయం. పొగాకు పెట్టె మీద 85 శాతం మేర బొమ్మ హెచ్చరిక ఉండాలన్న నిబంధనను కర్ణాటక హైకోర్టు 2017 డిసెంబరులో కొట్టేస్తే, నెల తిరక్కుండానే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. గాలి ఎటు వీస్తోందో చూడండి.

ఆ హెచ్చరిక చుట్టలకూ వర్తిస్తుంది. ‘సిగరెట్లకే కదా’ అనుకునే చిన్న తయారీదార్లు మన లంకల్లో చాలామంది ఉన్నారు. రాబోయే చట్టం గురించి టెన్షన్ పడేముందు ఇప్పుడు మీ కట్ట మీద అది సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.

రేపు అలాంటి చట్టమే వచ్చి ఫొటో వాడలేకపోయినా రిజిస్ట్రేషన్ ఊడిపోదు. చట్టం ఆపడం వల్ల వాడకపోతే ఆ సాకుతో మార్కు తొలగించకుండా ట్రేడ్‌మార్కుల చట్టం 47(3) సెక్షన్ కాపాడుతుంది. పదేళ్లకోసారి రెన్యువల్ మాత్రం మరవొద్దు. మీది బొమ్మతో కలిసిన లేబుల్ మార్కు కాబట్టి, బ్రాండు పేరుకు విడిగా, ఉత్త అక్షరాలతో ఇంకో దరఖాస్తు పెట్టండి. ఆస్ట్రేలియాలో పెట్టె మీద మిగిలింది ఆ పేరే.