భారతదేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేలకు రంధ్రాలెందుకు ఉంటాయి?

మెడలో వేసుకోవడానికి. రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలపు బంగారు నాణెం, ఆరియస్, సుమారు 7.8 గ్రాములు తూగేది. మిరియాలకో ముత్యాలకో బదులుగా ఇక్కడికి చేరాక అది డబ్బుకన్నా బంగారంగానే ఎక్కువ చెలామణి అయింది.

రంధ్రాలు ఎక్కడున్నాయో గమనించండి. చాలావాటికి చక్రవర్తి తల పైభాగంలో పక్కపక్కనే రెండుంటాయి. ఒక్కటే ఉంటే దారం మీద నాణెం గిరగిరా తిరుగుతుంది, రెండుంటే బొమ్మ నిటారుగా నిలుస్తుంది. అంటే ఆ ముఖం నలుగురికీ కనబడాలనే వేసుకున్నారన్నమాట!

నాకు ఇంతకన్నా ఆసక్తిగా అనిపించేది సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో దొరికిన మట్టి పతకాలు. అగస్టస్ తర్వాతి చక్రవర్తి టిబేరియస్ నాణేన్ని అచ్చుగా వాడి చేసినవి, వేలాడదీసుకునేందుకు వీలుగా. ఇప్పటి వన్ గ్రామ్ గోల్డ్ నగల్లాంటివే అనుకోండి.

తమిళనాడులోని పుదుక్కోట్టైలో దొరికిన నిధిలోని రోమన్ నాణేలకు చక్రవర్తి తల మీద ఉలి గాటు ఉంటుంది. దానికీ నగలకూ సంబంధం లేదు, మళ్లీ చెలామణిలోకి రాకుండా పెట్టిన గాటని ఎక్కువమంది పండితుల మాట.

రోమన్లూ నాణేలు ధరించారు. కాకపోతే క్రీ.శ. 3వ శతాబ్దంలో వాళ్లు తరచుగా నాణెం చుట్టూ జాలీపని చేసిన బంగారు చట్రం బిగించేవారు.